కట్టె కొట్టే ట్రాక్టరు

సంక్రాంతి వెళ్లింది. పత్తి ఆఖరి తీత అయిపోయింది. మొన్నటిదాకా తెల్లగా మెరిసిన చేను ఇప్పుడు నల్లగా ఉంది. దూది పోయింది, కట్టె మిగిలింది. నడుమెత్తు కొంత, తలెత్తు కొంత. సాళ్ల మధ్య వయ్యారిభామ పూసి ఉంది. గట్టు మీద సర్కారు తుమ్మ అల్లుకుపోయింది.

ఆ చేను రెండెకరాలు. కౌలుకు చేసేది అత్తాకోడళ్లు.

"అత్తా, కట్టె పీకడానికి మనుషుల్ని పిలవనా?" అడిగింది కోడలు.

"మనుషులు ఏడ దొరుకుతారే? అందరూ మిరపకాయ కోతలకి పోతుండారు. పక్క చేలోకి మిషను వచ్చిందంట. గంటలో ఎకరం కొట్టేసుద్దంట" అంది అత్త.

"కొట్టేసుద్ది సరే. పొయ్యిలోకి కట్టె ఏది మరి?"

అత్త జవాబు చెప్పలేదు.

ఈ మాట ఇప్పుడు గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో చాలా ఇళ్లల్లో నడుస్తోంది. 2022లో జిల్లాలు విడిపోయాక పల్నాడు, బాపట్ల కిందికి పోయిన ఊళ్లలోనూ ఇదే మాట. సత్తెనపల్లి వైపు పోయినా, పెదనందిపాడు వైపు పోయినా పత్తి తీశాక కట్టె సంగతి తేల్చాల్సిందే. మిషను మంచిదా, చెయ్యి మంచిదా? దానికి ఒక్క మాటలో జవాబు లేదు. ముందు రెండింటి సంగతీ తెలియాలి.

చేత్తో పీకితే

మూడడుగుల సాళ్లు, సాల్లో రెండడుగులకు ఒక మొక్క. అలా పెట్టిన చేలో ఎకరానికి ఎన్ని మొక్కలు ఉంటాయి? ఒక మొక్కకు 3 ను 2 తో గుణిస్తే 6 చదరపు అడుగులు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దాన్ని 6 తో భాగిస్తే 7,260.

అంటే ఎకరం కట్టె పీకాలంటే 7,260 సార్లు వంగాలి. 7,260 సార్లు లాగాలి. నేల గట్టిపడితే వేరు ఒక పట్టాన రాదు. చేతులు బొబ్బలెక్కుతాయి. నడుము పట్టేస్తుంది. ఈ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. కొన్ని ఊళ్లలో దీనికి కూలి కూడా ఇవ్వరు. "కట్టె పీక్కుని పట్టుకుపో" అంటారు. కట్టే కూలి అన్నమాట. చేను శుభ్రమైనందుకు రైతుకు లాభం. పీకినవాళ్లకు పొయ్యిలోకి మోపులు.

ఇనుప పనిముట్టు ఒకటి ఉంది. పట్టకారు లాంటిది. మొదలును పట్టుకుని పిడిని కిందికి నొక్కితే వేరుతో సహా లేస్తుంది. దానితో నడుముకు కొంచెం సుఖం. కానీ పని మాత్రం మొక్క మొక్కకీ చెయ్యాల్సిందే.

చేత్తో పీకడంలో ఒక గొప్ప సంగతి ఉంది. వేరు పోతుంది. మిషను వేరును పీకదు. ఇది గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

మిషను ఎలా పనిచేస్తుంది

ట్రాక్టరు వెనక మంచమంత వెడల్పు ఇనుప పెట్టె తగిలిస్తారు. డ్రైవర్లు దీన్ని ష్రెడ్డరు అంటారు. కొందరు మల్చరు అంటారు. కట్టె మిషను అన్నా అర్థమవుతుంది.

పెట్టె లోపల అడ్డంగా ఒక లావు ఇరుసు ఉంటుంది. దాని చుట్టూ వరుసగా ఇనుప ముక్కలు వేలాడుతుంటాయి. కొన్నిటికి సుత్తి ఆకారం, కొన్నిటికి కత్తి ఆకారం. ఇవి బిగించినవి కావు. తలుపు బందుకు ఊగినట్టు ఊగుతాయి. ఇరుసు తిరగడం మొదలుపెడితే విసురుకు అన్నీ నిటారుగా లేస్తాయి. కట్టెకు తగిలి ముక్కలు చేస్తాయి.

ఇది కొడవలి కోసినట్టు కోయదు. కంది కట్టెను కళ్లంలో కర్రతో బాదినట్టు బాదుతుంది. కర్ర దెబ్బ ఒకటి పడేలోగా ఇక్కడ వందల దెబ్బలు పడతాయి. కట్టె బెత్తెడు ముక్కలైపోయి నేల మీద పరుచుకుంటుంది.

ఆ ముక్కలు ఊగేలా ఎందుకు పెట్టారు? రాయి తగిలితే వెనక్కి మడుచుకోవడానికి. బిగించి ఉంటే విరిగిపోతాయి. అలాగని రాయి మీదికి తోలవచ్చని కాదు. కత్తి మడుచుకుంటుంది గానీ రాయి ఎగురుతుంది.

రోటవేటరు వేరు, ఇది వేరు. రోటవేటరు మట్టిలోకి దిగి తవ్వుతుంది. కట్టె మిషను మట్టి పైన పనిచేస్తుంది. మట్టిని తాకేలా బాగా కిందికి దించి తోలితే కత్తులు అరుగుతాయి, దుమ్ము లేస్తుంది, డీజిలు ఖర్చు పెరుగుతుంది. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున తోలితే చాలు.

ఇంకో రకం కూడా ఉంది. దానికి కింద ఫ్యాను రెక్కల్లాగా రెండు పెద్ద కత్తులు అడ్డంగా తిరుగుతాయి. దాన్ని స్లాషరు అంటారు. గడ్డికీ, తోటల్లో కలుపుకీ అది సరిపోతుంది. పత్తి కట్టెను అది నరుకుతుంది గానీ, ఇంత మెత్తగా చెయ్యదు.

కట్టె మిషను లాగడానికి పెద్ద ట్రాక్టరు కావాలి. నలభై అయిదు, యాభై గుర్రాల శక్తి ఉన్నది అయితే బాగా లాగుతుంది. చిన్న ట్రాక్టరుకు తగిలిస్తే మూలుగుతుంది, కట్టె సగం నలిగి సగం వంగి మిగిలిపోతుంది. ఎకరానికి గంట, అటూ ఇటూగా పడుతుంది.

కట్టెలో దాక్కున్న పురుగు

చేలో కట్టె ఉంటే ఏం పోయింది, వానలదాకా ఉండనీ అనేవాళ్లు ఉన్నారు. పోయేది తర్వాతి పంట.

గులాబీ రంగు పురుగు సంగతి పత్తి తీసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. కాయ పైకి బాగానే ఉంటుంది. విప్పితే దూది పసుపెక్కి ఉంటుంది. లోపల చిన్న గులాబీ పురుగు. పువ్వు విచ్చుకోకుండా ముడుచుకుపోతే దాన్ని గుడ్డిపువ్వు అంటారు. అందులోనూ ఇదే ఉంటుంది.

మన దేశంలో 2002లో బీటీ పత్తి వచ్చింది. 2006లో రెండో రకం బీటీ వచ్చింది. కాయ తొలిచే పురుగులు ఇక రావన్నారు. కొన్నేళ్లు ఆ మాట నిలిచింది. తర్వాత గులాబీ పురుగు ఆ విషానికి అలవాటు పడిపోయింది. ముందు గుజరాతులో కనిపించింది. 2017 నాటికి ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర చేలల్లో గట్టిగా దెబ్బ తీసింది.

ఈ పురుగుకు పత్తి అంటేనే ప్రాణం. చేలో పత్తి లేకపోతే ఏం చేస్తుంది? నిద్రపోతుంది. మిగిలిపోయిన గుడ్డికాయల్లో, రెండు గింజల్ని దారంతో కలిపి గూడు చేసుకుని పడుకుంటుంది. నెలల తరబడి అలాగే ఉంటుంది. వానలు పడి, కొత్త పత్తి మొగ్గ వేసే వేళకు రెక్కల పురుగై లేచి వస్తుంది. మనం దాన్ని చేలోనే, మన కట్టె వాములోనే దాచి కాపాడుతున్నామన్నమాట.

అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు పత్తిని డిసెంబరుతో ముగించమంటారు. మహా అయితే జనవరి. ఇంకో తీత వస్తుందని నీళ్లు పెట్టి మార్చిదాకా పొడిగిస్తే ఆ ఆఖరి నాలుగు కిలోల కోసం పురుగును పెంచినట్టే. గుంటూరు పక్కన లాం ఫారంలో పత్తి మీద, మిరప మీద చాలా ఏళ్లుగా పరిశోధన నడుస్తోంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం కూడా ఇప్పుడు అక్కడే. పంట ముగించమన్న సలహా అక్కడినుంచీ ఏటా వస్తుంది. వినేవాళ్లు వింటున్నారు. కాయ కనిపిస్తుంటే కొట్టెయ్యమంటే ఎవరికి మాత్రం చెయ్యి వస్తుంది?

మిషను కొడితే కట్టె మీది గుడ్డికాయలు చాలావరకు చితికిపోతాయి. పురుగూ చితుకుతుంది. అన్నీ చితకవు. కింద రాలినవి, నెర్రెల్లో పడినవి మిగులుతాయి. అందుకని మిషను రావడానికి ముందు ఒక పని ఉంది. చేలోకి గొర్రెలనూ మేకలనూ తోలాలి. అవి ఆకూ, మిగిలిన పచ్చి కాయలూ తినేస్తాయి. మందు కొట్టి ఎన్నాళ్లయిందో మాత్రం చూసుకోవాలి. కొత్తగా మందు పడిన చేలోకి జీవాల్ని తోలకూడదు.

మిషను వెళ్లిపోయాక ఇంకో పని ఉంది. ఇదే అందరూ మరిచేది. మిషను వేరును పీకదని ముందు చెప్పుకున్నాం కదా. పత్తి మొక్క ఏడాదితో చచ్చేది కాదు. మొదలు నేలలో ఉంటే, ఒక వాన పడితే చాలు, చిగురు వేస్తుంది. ఆ చిగురు మీద పిండినల్లి చేరుతుంది, తెల్లదోమ చేరుతుంది. కాబట్టి కట్టె కొట్టాక దుక్కి దున్నాలి. వేసవి దుక్కికి మొదళ్లు లేచిపోతాయి. మట్టిలోని పురుగు ఎండకు పైకి వస్తుంది. నాగలి వెనక కొంగలు నడిచేది ఊరికే కాదు.

తెల్లదోమ అంటే ఈ నేలకు చేదు జ్ఞాపకం ఉంది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని అది ముంచేసింది. మందు మీద మందు కొట్టారు. అప్పు మీద అప్పు తెచ్చారు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చిగురు వేసిన మొదలును చూసి పెద్దవాళ్లు ఉలిక్కిపడేది అందుకే.

కాల్చితే పోదా?

కట్టెను కుప్పపోసి నిప్పు పెడితే పురుగు పోతుంది, నిజమే. అయితే ఎకరానికి టన్ను దాకా కట్టె వస్తుంది. అదంతా మట్టికి తిండి. కాల్చితే పొగై పోతుంది. కుప్ప ఉన్నచోట నేల కాలుతుంది, అక్కడి వానపాములు చస్తాయి. పక్క చేలో మిరప కల్లం ఉంటే నిప్పురవ్వ చాలు.

ముక్కలై మట్టిలో కలిసిన కట్టె మెల్లగా కుళ్లుతుంది. పచ్చి కట్టె కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని కొంతకాలం తను వాడుకుంటుంది. అందుకే కట్టె కొట్టిన వెంటనే పంట వేస్తే మొక్క పాలిపోతుంది. వేసవిలో కొట్టి, దున్ని, వానల్లో నాననిస్తే ఆ ఇబ్బంది ఉండదు. పశువుల ఎరువు తోలితే ఇంకా త్వరగా కుళ్లుతుంది.

పొయ్యిలోకి కట్టె

కోడలు అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

గ్యాసు వచ్చింది కదా అంటారు. వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పెట్టి మహిళా సంఘాల వాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం పెట్టింది. 2024లో రాష్ట్రం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంది. అయినా నీళ్లు కాగడానికి, ధాన్యం ఉడకడానికి, పెళ్లి వంటలకి చాలా ఇళ్లల్లో కట్టెల పొయ్యే వెలుగుతోంది. పత్తి కట్టె బాగా మండుతుంది. పైసా ఖర్చు లేదు. మిషను దాన్ని ముక్కలు చేసి మట్టిపాలు చేస్తే, ఆ మేరకు కొనుక్కోవాలి. లేదా తుమ్మ కంప కోసం దూరం నడవాలి. మిషను అద్దె లెక్క వేసేటప్పుడు మగవాళ్లు ఈ లెక్క వేయరు. వంట వాళ్లది కాదు కాబట్టి.

కూలి సంగతి కూడా ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలు కుటుంబాలే కోతలకు దిగుతాయి. మిరప ఉన్న ఊళ్లో కట్టె పీకడం పోయినా ఆడకూలీకి పని పోదు. కోత కూలి ఇంకా నయం. కానీ వట్టి పత్తి ఊళ్లో అలా కాదు. అక్కడ కట్టె పీకే నాలుగు రోజులే ఆ నెలలో పని. మిషను వస్తే ఆ నాలుగు రోజులూ పోతాయి. దీన్ని దాచి, మిషను అందరికీ మంచిదే అని చెప్పడం సరికాదు.

అత్తాకోడళ్లు రాత్రి అన్నాలు తిని ఈ లెక్కలన్నీ మాట్లాడుకున్నారు. చివరికి ఒక మాటకు వచ్చారు. రెండెకరాల్లో అరెకరం చేత్తో పీకాలి. ఆ కట్టె పొయ్యిలోకి. పక్కింటి పెద్దమ్మను సాయం పిలవాలి. ఆమెకు సగం మోపులు. మిగతా ఎకరంన్నర మిషనుకు ఇవ్వాలి.

"వాము మాత్రం గట్టున పెట్టొద్దు అత్తా. కాయలన్నీ దులిపేసి, ఇంటి కాడ పెడదాం. వానలు పడేలోగా అయిపోవాలి" అంది కోడలు.

అది మంచి మాట. కాయలతో సహా కట్టె పేరిస్తే పురుగు వాములోనే నిద్రపోతుంది. కాయలు దులిపి తగలెయ్యాలి. కట్టె కొత్త పత్తి మొగ్గ వేసేలోగా వాడెయ్యాలి.

మూడు సెకన్లు

మిషను వచ్చే ముందు ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాలి. పిల్లలకు రెండుసార్లు చెప్పాలి.

ట్రాక్టరుకూ మిషనుకూ మధ్య ఒక కడ్డీ తిరుగుతుంటుంది. డ్రైవర్లు దాన్ని పి.టి.ఓ. షాఫ్టు అంటారు. ఇంజను బలం మిషనుకు దాని మీదుగానే వెళుతుంది. ట్రాక్టరు మీద దాని దగ్గర 540 అనే అంకె రాసి ఉంటుంది. అంటే నిమిషానికి 540 చుట్లు. నిమిషానికి 60 సెకన్లు. 540 ని 60 తో భాగిస్తే 9. సెకనుకు తొమ్మిది చుట్లు!

ఆ కడ్డీ చుట్టుకొలత సుమారు జానెడు. ఒక చుట్టుకు జానెడు గుడ్డ లోపలికి లాగుతుంది. సెకనుకు తొమ్మిది జానలు. నాలుగు జానలు ఒక గజం. కాబట్టి సెకనుకు రెండు గజాల పైన. చీర ఆరు గజాలు. కొంగు కొస ఒక్కటి దానికి తగిలితే చీర మొత్తం చుట్టుకోవడానికి మూడు సెకన్లు చాలు. "అమ్మో" అనేలోగా మనిషి కడ్డీ దగ్గర ఉంటుంది. చేత్తో పట్టి ఆపగలిగే బలం కాదది. చున్నీ అయినా, పంచె అయినా, జడ అయినా అంతే. చెయ్యి పోయినవాళ్లు ఉన్నారు, ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు.

కడ్డీ మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. కడ్డీ తిరిగినా తొడుగు తిరగదు. కొత్తలో చాలావాటికి ఉంటుంది. తర్వాత పగిలిపోతుంది, లేదా అడ్డమని తీసి పారేస్తారు. చేలోకి వచ్చిన ట్రాక్టరుకు తొడుగు ఉందో లేదో మీరే వంగి చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడే చూడండి. లేకపోతే "తమ్ముడూ, తొడుగు వేసుకునిరా, అప్పుడే చేలోకి దించు" అని చెప్పండి. డబ్బు ఇచ్చేది మీరు. అడిగే హక్కు ఉంది.

కత్తుల దగ్గర ఇంకో ప్రమాదం. వెనక, ముందు ఇనుప రేకో, గొలుసుల తెరో వేలాడుతూ ఉండాలి. రాళ్లు బయటికి ఎగరకుండా ఆపేది అదే. అది ఉన్నా సరే, మిషను నడుస్తున్నప్పుడు వంద గజాల లోపు ఎవరూ ఉండకూడదు. కట్టె ఏరుకుందామని వెనక నడవకూడదు. గేదెను పక్కన కట్టెయ్యకూడదు. పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టకూడదు.

ఒక్కోసారి తాడో, గోనెపట్టో చుట్టుకుని మిషను ఆగుతుంది. డ్రైవరు కిందికి దిగి చెయ్యి పెడతాడు. "అక్కా, కాస్త ఇటు పట్టు" అంటాడు. పట్టొద్దు. ముందు ఇంజను ఆపాలి. తాళం తీసి జేబులో వేసుకోవాలి. ఇంజను ఆగినా లోపలి ఇరుసు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి పోకూడదు. పెట్టెను పైకి లేపి కింద దూరాల్సి వస్తే దిమ్మలు పెట్టాలి. పైకి లేచిన ఇనుము ఎప్పుడైనా జారవచ్చు.

చేను నడిచి చూడాలి

మిషను దిగేముందు చేను మొత్తం ఒకసారి నడవాలి. కర్ర పట్టుకుని, చెప్పులు వేసుకుని నడవాలి. ఎండు కట్టెలో, కంపలో రక్తపింజర ఉంటుంది.

ఏం చూడాలి? రాళ్లు, ఇనుప తీగ, పాత బోరు గొట్టం, పాడుబావి. కలుపు పెరిగితే బావి గట్టు కనిపించదు, ట్రాక్టరు నేరుగా అందులోకే పోతుంది. మిరప చేను అయితే డ్రిప్పు పైపులు, ప్లాస్టిక్ షీటు ముందే తీసెయ్యాలి. లేకపోతే ఇరుసుకు చుట్టుకుంటాయి. అవి తీస్తే మిరప కట్టెకు ఈ మిషను బాగా పనికొస్తుంది. పత్తి కన్నా సన్నం కాబట్టి తేలిగ్గా నలుగుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఎన్నో మిరప తోటల్ని మధ్యలోనే తీసెయ్యాల్సి వచ్చింది. అలాంటప్పుడు చేను ఖాళీ చెయ్యడానికి రోజులు పట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం హద్దురాయి. కత్తి దెబ్బకు అది విరగవచ్చు, చక్రం కింద ఒరిగిపోవచ్చు. ఒరిగిన రాయి తగాదా పెడుతుంది. అందులోనూ కౌలు చేను అయితే ఇద్దరు రైతులకూ మధ్య నలిగేది కౌలుదారే. ఆ కోడలు పాత ఎర్ర చీర చింపి, కర్రలకు కట్టి, నాలుగు మూలలా హద్దురాళ్ల పక్కన పాతింది. డ్రైవరుకు దూరం నుంచే కనిపించింది.

సర్కారు తుమ్మ బీడు

కొన్నేళ్లు సాగు మానేసిన నేలను చూస్తే గుండె జారుతుంది. నిండా సర్కారు తుమ్మే. ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870ల్లో అటవీ శాఖ వాళ్లు గింజలు తెప్పించి, కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. మెట్ట నేలల్లో వంటచెరకు కరువు తీరుతుందని నాటారు. కరువు తీరింది, నిజమే. ఎంతమంది ఆడవాళ్లు ఈ కంప కొట్టి బొగ్గు కాల్చి పిల్లల్ని పెంచుకున్నారో! కానీ ఆ చెట్టు నాటినచోట ఆగలేదు. కాయ తీపి. పశువులు తిన్నాయి, పేడలో గింజలు ఊరూరా పడ్డాయి. చెరువులూ, కాలువలూ, బీళ్లూ నిండిపోయాయి.

ఇలాంటి బీడులోకి కట్టె మిషను తోలితే ఏమవుతుంది? వేలు లావు, బొటనవేలు లావు కొమ్మలు నలుగుతాయి. మణికట్టు లావు దాటిన మొద్దుకు తగిలితే మిషనే నలుగుతుంది. ట్రాక్టరు చక్రాల్లో ముళ్లు దిగుతాయి. పైగా సర్కారు తుమ్మను పైన నరికితే చావదు. ఒక కొమ్మ ఉన్నచోట పది చిగుళ్లు వస్తాయి. నేల లోపల అడుగు లోతున మొద్దును తవ్వి తీస్తేనే పోతుంది. కాబట్టి ఆ పనికి గడ్డపార కావాలి, లేదా జేసీబీ కావాలి. 2006లో మొదలైన ఉపాధి హామీ పనుల్లో ఆడవాళ్లు కాలువల మీదా, బీళ్లలోనూ ఈ కంపే కొట్టారు. గడ్డపారతోనే కొట్టారు.

ఒకసారి మొద్దులు తీశాక కట్టె మిషనుకు పని వస్తుంది. గింజలు మట్టిలో ఉంటాయి, ఏటా మొలుస్తాయి. మోకాలెత్తు పెరగకముందే ఏడాదికి ఒకటి రెండుసార్లు తోలితే బీడు మళ్లీ అడవి కాదు. వయ్యారిభామ కూడా అంతే. అది పూయకముందే కొట్టాలి. పూశాక కొడితే గింజను చేనంతా మనమే చల్లినట్టు. పైగా దాని పుప్పొడికి కొందరికి దురద, ఆయాసం వస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

మీటరు చదవడం

మిషను అద్దె రెండు రకాలు. ఎకరానికి ఇంత, లేదా గంటకు ఇంత. చేను చక్కగా, సాళ్లు పొడుగ్గా ఉంటే గంట లెక్క మేలు. మూలలు ఎక్కువ, మలుపులు ఎక్కువ అయితే ఎకరం లెక్క మేలు. ఊరి నుంచి చేనుకు వచ్చిన టైము కలుస్తుందా, కలవదా? అదీ ముందే అడగాలి.

ట్రాక్టరు స్టీరింగు ముందు గడియారాల్లాంటివి ఉంటాయి. అందులో ఒకచోట అంకెలు కనిపిస్తాయి. అది గంటల మీటరు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. ఆఖరి అంకె గంట కాదు, గంటలో పదో వంతు. అంటే 6 నిమిషాలు.

కోడలు చేలోకి దించేముందు మీటరు చూసింది. 1246.3 ఉంది. చేతి మీద పెన్నుతో రాసుకుంది. డ్రైవరు నవ్వాడు. "రాసుకునేది దేనికి అక్కా, టైము నేను చెబుతాగా" అన్నాడు. ఆమె కూడా నవ్వింది, చెయ్యి మాత్రం కడుక్కోలేదు.

ఎకరంన్నర అయిపోయింది. డ్రైవరు "రెండు గంటలు" అన్నాడు. కోడలు మళ్లీ మీటరు చూసింది. 1248.1 ఉంది.

1248.1 లోంచి 1246.3 తీసేస్తే 1.8. అంటే ఒక గంట, ఇంకా ఎనిమిది పదో వంతులు. ఎనిమిది ఆర్లు 48. ఒక గంటా 48 నిమిషాలు. గంటా ఎనిమిది నిమిషాలు కాదు, రెండు గంటలూ కాదు.

గంటకు 1,500 రూపాయలని మాట అనుకుందాం. రెండు గంటలకు 3,000. 1.8 గంటలకు 2,700. తేడా 300 రూపాయలు.

"తమ్ముడూ, ఇదుగో చూడు" అని కోడలు చెయ్యి చాపింది. డ్రైవరు చెయ్యి చూశాడు, మీటరు చూశాడు. "పన్నెండు నిమిషాలకు ఏముందిలే అక్కా" అన్నాడు.

"నీకేం లేదు గానీ, మాకు ఉంది" అంది అత్త. కొంగుముడి విప్పి 2,700 లెక్కపెట్టి ఇచ్చింది. మిగిలినవి మళ్లీ ముడేసి, అరెకరం వైపు నడిచింది. అక్కడ పెద్దమ్మ అప్పటికే రెండు సాళ్లు పీకేసింది.